పాకం, అవదంశం, నంజు: తెలుగు సాహిత్యంలో పానరుచి – భోజనపు పొత్తు

వ్యాససంగ్రహం:
ద్రాక్షాసవాన్ని చవిచూసి దాని గుణదోషాలను చెప్పడం, దానికి తగిన భోజ్యాన్ని ఎంచడం పాశ్చాత్యుల విద్య అనీ, అందుకు తగిన పరిభాష తెలుగులో లేదనీ భావించడం పరిపాటి. సంస్కృతాలంకార శాస్త్రంలోని పాకచర్చను, కోశాల్లోని మద్యనామాలను, క్రీడాభిరామం, మనుచరిత్ర, ఆముక్తమాల్యద, ఆంధ్ర మహాభాగవతాల్లోని రుచివర్ణనలను, పెనుకొండ సీమ వంటింటి పలుకుబడిని కలిపి చూసినప్పుడు ఆ భావన నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మాటలు లేకపోవడం కాదు, ఉన్న మాటలను నాలుక నుండి వేరుచేసి కేవలం కావ్యవిమర్శకు పరిమితం చేయడమే లోపమని నిరూపించడం దీని ప్రయోజనం. మద్యం మిగిల్చిన సామాజిక గాయాన్ని విస్మరించకుండా రుచిని గురించి మాట్లాడడం సాధ్యమా అన్న ప్రశ్నను కూడా ఇది చర్చిస్తుంది.

కీలకపదాలు: పాకం, చవి, వగరు, అవదంశం, నంజు, పొత్తు, ఋతుభోజనం, మద్యనిషేధం.

1. ఉపోద్ఘాతం

హిందూపురం నుండి దక్షిణంగా సాగే బాట గౌరిబిదనూరు మీదుగా దొడ్డబళ్లాపురం చేరుతుంది. నంది కొండల దాపున ఉన్న ఆ ప్రాంతంలో 1988లో గ్రోవర్ ద్రాక్షతోటలు వెలిశాయి. కాబర్నే సోవిన్యోన్, షిరాజ్, సోవిన్యోన్ బ్లాంక్ వంటి ఫ్రెంచి ద్రాక్షజాతులను ఎర్రమన్నులో పెంచి వైన్ తీయడం అక్కడ మొదలయింది. ఆ చుట్టుపక్కల రైతులు అంతకు ఎంతో ముందు నుండే బెంగళూరు బ్లూ అనే నల్లద్రాక్షను పండిస్తున్నారు. అంటే తెలుగునేల నైరుతి అంచుకు ద్రాక్షాసవం పొరుగింటి సరుకే గాని సముద్రం దాటి రావలసిన వింత కాదు.

ఈ అంచున ఉన్న మూడు ఊళ్లు ప్రస్తుత చర్చకు ఆధారభూమి. హిందూపురం చింతపండుకు, బెల్లానికి, మిరపకాయలకు పేరుపొందిన అంగడి. పులుపు, తీపి, కారం ఒకే మార్కెట్‌లో రాశులుగా కనిపించే ఊరు. పెనుకొండ 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధాని అయిన దుర్గం. ధర్మవరం పట్టుమగ్గాల పట్టణం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడూ చేరాయి.

ఇంత దగ్గరలో ద్రాక్ష పండుతున్నా, వైన్‌ను గురించి తెలుగులో రాయవలసి వచ్చినప్పుడు రెండు మార్గాలే కనిపిస్తాయి. ఒకటి, ఆంగ్ల పరిభాషను లిపి మార్చి యథాతథంగా దించుకోవడం. రెండవది, మద్యమన్న మాట వినగానే రుచిచర్చను పక్కనపెట్టి నీతిబోధకు పూనుకోవడం. మొదటిదానిలో నాలుక పరాయిది. రెండవదానిలో నాలుకే లేదు. ఈ రెండింటికీ నడుమ మూడవ మార్గమొకటి తెలుగు సాహిత్యంలోనే ఉందా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. పాకం: తొలిచవి, తుదిచవి

కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించడం తెలుగు విద్యార్థి మొదటి పాఠాల్లోనే నేర్చుకునే విషయం. నోట వేసుకోగానే కరిగే ద్రాక్ష ఒకటి, తొక్క ఒలిస్తే దక్కే అరటి ఒకటి, పీచు తీసి పెంకు పగలగొడితే గాని అందని కొబ్బరి ఒకటి. ఈ విభజనకు ఆధారమైన ఆలోచన ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానాన వెలసిన విద్యానాథుని ప్రతాపరుద్రీయంలో కనిపిస్తుంది. లోపలా వెలుపలా రసం తొణికిసలాడేది ద్రాక్షాపాకమనీ, రసం లోపల దాగి ఉండేది నారికేళపాకమనీ ఆయన నిర్ణయించాడు. తెలుగు విమర్శ ఆ మాటను స్థిరపరచుకున్నది.

అయితే విద్యానాథునికి సుమారు నాలుగు శతాబ్దాల ముందే రాజశేఖరుడు కావ్యమీమాంసలో పాకాన్ని వేరొక రీతిలో లెక్కించాడు. ఆయన చెప్పిన పాకాలు తొమ్మిది: వేప, రేగు, ద్రాక్ష, వంకాయ, చింత, మామిడి, పోక, దోస, కొబ్బరి. వీటిని ఆయన వేరుచేసిన కొలమానం లోపల–వెలుపల అన్నది కాదు, మొదట–చివర అన్నది. ఆదిలోనూ అంతంలోనూ రుచిలేనిది వేప. మొదట రుచించక, చివరకు మధ్యమంగా తేలేది రేగు. మొదట రుచించక, చివరకు రుచించేది ద్రాక్ష. మొదట మధ్యమమై చివర చెడేది వంకాయ. మొదలూ తుదీ మధ్యమమైనది చింత. మధ్యమంగా మొదలై మధురంగా ముగిసేది మామిడి. ఉత్తమంగా మొదలై చివర చెడేది పోక. ఉత్తమంగా మొదలై మధ్యమంగా ముగిసేది దోస. ఆద్యంతాలు రెండూ రుచ్యమైనది కొబ్బరి.

మూడు మొదళ్లు, మూడు తుదులు కలిసి తొమ్మిది గళ్ల పట్టిక ఇది. రాజశేఖరుడు అంతటితో ఆగలేదు. ప్రతి త్రికంలోనూ మొదటిది విడువదగినదనీ, రెండవది సంస్కరించదగినదనీ, మూడవది గ్రహించదగినదనీ తీర్పు చెప్పాడు. పట్టికను ఆ తీర్పుతో కలిపి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. విడువదగిన వేప, వంకాయ, పోక మూడూ చివర చెడేవి. గ్రహించదగిన ద్రాక్ష, మామిడి, కొబ్బరి మూడూ చివర రుచించేవి. మొదలు ఎలా ఉన్నా తుదిచవే తీర్పును నిర్ణయిస్తున్నది.

వైన్‌ను పరీక్షించే నిపుణులు ఈనాడు చేసే పని సరిగ్గా ఇదే. గుక్క నోటిలో పడిన క్షణాన తోచిన చవి ఏది, నడుమ అది ఎలా మారింది, మింగిన తరువాత ఎంతసేపు నిలిచింది అని గమనిస్తారు. తుదిచవి ఎంత దీర్ఘంగా, ఎంత సమంగా నిలిస్తే ఆ ఆసవానికి అంత విలువ కడతారు. రుచికి కాలపరిమాణం ఉందన్న ఈ గ్రహింపు రాజశేఖరునిలో స్పష్టంగా ఉంది. విద్యానాథుని నిర్వచనంలో కాలం పోయి స్థలం మిగిలింది. ద్రాక్ష 'మొదట ఒప్పక తరువాత మెప్పించేది' కాకుండా 'లోపలా బయటా ఒకటే అయినది' అయింది. తెలుగు విమర్శ ఈ రెండవ అర్థాన్నే స్వీకరించడంతో ద్రాక్షాపాకం అంటే సులభంగా అర్థమయ్యే కవిత్వమని స్థిరపడిపోయింది. సౌలభ్యానికి పర్యాయపదమైన ద్రాక్ష తన పులుపును, వగరును, నెమ్మదిగా విచ్చుకునే గుణాన్ని కోల్పోయింది. మొదటి గుక్కలో పెదవి విరిపించి, మూడవ గుక్కకు మెప్పించే ఎర్రవైన్‌ను వర్ణించడానికి విద్యానాథుని ద్రాక్ష పనికిరాదు. రాజశేఖరుని ద్రాక్ష అచ్చంగా సరిపోతుంది.

3. నామమే లక్షణం: కోశాలు, అర్థశాస్త్రం

అమరకోశం శూద్రవర్గంలో మద్యానికి చెప్పిన పర్యాయపదాలను వరుసగా వల్లించడమే గాని వాటి అర్థాన్ని తరచడం అరుదు. గంధోత్తమ, ప్రసన్న, పరిస్రుత, కాదంబరి, మదిర – ఇవన్నీ ఒకే వస్తువుకు పేర్లుగా కనిపించినా, ఒక్కొక్కటీ ఒక్కొక్క గుణాన్ని పట్టుకున్నది. గంధోత్తమ వాసనను బట్టి వచ్చిన పేరు. ప్రసన్న తేటదనాన్ని బట్టి వచ్చినది. పరిస్రుత వడిసి కారిన విధానాన్ని చెబుతుంది. మదిర ఫలితమైన మత్తును చెబుతుంది. గాజుపాత్రను వెలుతురుకు పట్టి తేటదనం చూడడం, పిమ్మట వాసన పట్టడం, ఆ తరువాతే చవిచూడడం అన్నది ఈనాటి పరీక్షాక్రమం. ఆ మెట్లకు తగిన గుణవాచకాలు ఈ పర్యాయపదాల్లోనే దొరుకుతున్నాయి. వాడుకలో 'మద్యం', 'మదిర' మాత్రమే మిగిలి 'గంధోత్తమ', 'ప్రసన్న' మరుగున పడ్డాయన్నది గమనించదగినది. గుణాన్ని చెప్పే పేర్లు పోయి మత్తును చెప్పే పేర్లు నిలిచాయి.

ఆ సందర్భంలోనే అమరసింహుడు 'అవదంశం' అనే మాటను చేర్చాడు. పానంతోపాటు కొరుక్కు తినే భక్ష్యం అని దాని అర్థం. 'ఉపదంశం' కూడా ఈ అర్థంలో కనిపించే మాటే. పానీయాన్ని, దానికి తోడైన తినుబండారాన్ని విడదీయకుండా ఒకేచోట చెప్పడం కోశకారుని లోకజ్ఞతకు నిదర్శనం.

కౌటిలీయ అర్థశాస్త్రంలోని సురాధ్యక్ష ప్రకరణం మరొక అడుగు ముందుకు వేసింది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని పానీయాలను వేరుచేసి వాటి దినుసులను పేర్కొన్నది. ద్రాక్షరసంతో చేసినది మధువు. దానికి పుట్టిన దేశమే వివరణ అని చెప్పి కాపిశాయనం, హారహూరకం అనే పేర్లను ఉదాహరించింది. ఏ నేలలో పుట్టిందో చెబితే ఏ రుచిదో చెప్పినట్లే అన్న భావన, ఫ్రెంచివారు తమ ద్రాక్షసీమల పేర్లతో వైన్‌ను పిలవడానికి మూలమైన భావన, ఇక్కడ ఒక్క వాక్యంలో ఇమిడి ఉంది. పానశాలల్లో వేర్వేరు గదులు, ఆసనాలు, సుగంధాలు, పూలమాలలు, నీరు ఉండాలనీ, అవి ఋతువుకు తగిన సుఖమివ్వాలనీ కూడా ఆ ప్రకరణం విధించింది. అమ్మకాన్ని కొద్ది పరిమాణానికి పరిమితం చేసింది కూడా అదే. రుచి, మితి రెండూ ఒకే శాసనంలో ఉన్నాయి.

4. వాసనను విడదీసిన పద్యం

మహాకావ్యంలో ఉండదగిన వర్ణనల్లో మధుపానాన్ని కూడా దండి లెక్కించాడు. అందువల్ల పానప్రసక్తి కావ్యమర్యాదకు భంగకరం కాదు. అయితే ఆ వర్ణనలు ఎక్కువగా తూలే నడకను, ఎర్రబారిన కన్నులను, తడబడే మాటలను చెప్పి ఊరుకుంటాయి. అవి పానఫలాన్ని చెబుతాయి గాని పానరుచిని చెప్పవు. రుచిపరీక్షకు పనికివచ్చే నేర్పు పానవర్ణనకు వెలుపల దొరుకుతుంది.

మనుచరిత్రలో హిమాలయాన దారితప్పిన ప్రవరునికి వరూధిని ఉనికిని మొదట తెలిపింది కన్ను కాదు, ముక్కు. గాలి మోసుకువచ్చిన తావిలో అల్లసాని పెద్దన మూడు పొరలను చూపాడు: కస్తూరి, దాని చేత రెట్టింపైన కర్పూర తాంబూలపు వాసన, ఆ కలయిక తక్కిన పరిమళాలనన్నింటినీ కప్పివేయడం. ఆ పరిమళమే అక్కడొక స్త్రీ ఉందన్న ఊహను కలిగించింది. సాధారణంగా ఈ పద్యాన్ని సమాసశోభకూ, శృంగారసూచనకూ ఉదాహరణగా చూపుతారు. మరొక కోణం నుండి చూస్తే ఇది మిశ్రగంధాన్ని విశ్లేషించిన పద్యం. ఏ వాసన ముందు తగిలింది, ఏది దేనిని పెంచింది, ఏది దేనిని అణచింది, దాని నుండి ఏమి ఊహించవచ్చు అన్న నాలుగు ప్రశ్నలకు ఇందులో సమాధానముంది. వైన్ పాత్రను ముక్కు దగ్గర ఉంచుకున్న పరీక్షకుడు వేసుకునే ప్రశ్నలు కూడా ఈ నాలుగే.

పరిభాషను మక్కికి మక్కిగా దించుకోవడంలోని చిక్కు కూడా వాసన దగ్గరే బయటపడుతుంది. బెంగళూరు బ్లూ ద్రాక్షలోని అమెరికా జాతి లక్షణం వల్ల దానికొక ఘాటైన తావి ఉంటుంది. ఆంగ్లంలో ఆ తావిని నక్క పేరుతో పిలుస్తారు. దానిని తెలుగులో 'నక్కవాసన' అంటే పాఠకునికి కలిగేది ఏవగింపే. బాగా మాగిన నల్లద్రాక్ష గంపను విప్పినప్పుడు వచ్చే మగ్గిన తావి అంటే విషయం వెంటనే తెలుస్తుంది. ఉపమానం అనుభవం నుండి రావాలి గాని నిఘంటువు నుండి కాదు.

5. నంజు, మేళవింపు, పొత్తు

ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక్క రూకకు లక్ష్మణవజ్ఝల పూటకూళ్లింట దొరికే భోజనాన్ని చెప్పుకుంటారు. మేలైన వరియన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు – వీటి నడుమ నాలుగైదు 'నంజులు' ఉన్నాయి. కృతికర్తృత్వం వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న వాదం ఎంత సాగినా, సాంఘికచరిత్రకారులు ఈ పద్యాన్ని ధరలకూ, వంటకాలకూ సాక్ష్యంగా గ్రహించారు. కాని ఇందులో విమర్శకు పనికివచ్చే మాట 'నంజు'.

నంజుకోవడమంటే తినడం కాదు. ప్రధానమైన ముద్దను తింటూ నడుమ నడుమ మరొకదానిని కొద్దిగా నాలుకకు తగిలించడం. అది ఆకలి తీర్చదు. ముద్ద రుచిని మార్చి, తరువాతి ముద్దకు నోటిని సిద్ధం చేస్తుంది. పోతన భాగవతంలో గోపబాలుర నడుమ చల్ది ఆరగించే కృష్ణుడు దీనికి నిండైన చిత్రం. మీగడపెరుగుతో మేళవించిన ముద్ద ఎడమచేతిలో, ఊరగాయలు వేళ్ల సందుల్లో. చల్లని, మెత్తని, కమ్మని ముద్దకు ఉప్పు, పులుపు, కారం నిండిన ఊరగాయ విరుగుడు. అవదంశం పానానికి తోడైతే నంజు భోజనానికి తోడు. రెండింటి సూత్రం ఒకటే. తెలుగు నిఘంటువుల్లో నంజుకు విషమన్న అర్థమూ ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, మోతాదు తప్పితే తోడు విరోధిగా మారుతుందన్న హెచ్చరిక ఆ శ్లేషలో వినిపిస్తుంది.

పొత్తు కుదరనప్పుడు ఏమవుతుందో శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువు చెబుతుంది. చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరతో జొన్నకూటి ముద్ద ఒకటి మింగి చూడమని కవి కృష్ణుణ్ణే సవాలు చేస్తాడు. విమర్శకులు ఇందులో పల్నాటి పేదరికాన్నో, కవి భోగలాలసతనో చూశారు. పద్యంలోని తిరస్కారం మాత్రం ఒక కలయిక మీద ఉంది. జొన్నముద్ద గరుకు, బచ్చలి జిగురు, చింతచిగురు పులుపు. గరుకును నునుపుచేసే నెయ్యి గాని, పులుపును తగ్గించే పప్పు గాని అందులో లేదు. ఇది వరియన్నానికి అలవాటుపడిన నాలుక ఇచ్చిన తీర్పు. అదే పులుసాకును రాగిసంగటితో తింటూ పెరిగిన పెనుకొండ సీమవాసి ఆ తీర్పును ఒప్పుకోడు. కాపిశాయనానికి దేశమే వివరణ అయినట్లు నాలుకకు కూడా దేశమే వివరణ. పానభోజనాల జతను సార్వత్రిక నియమంగా బోధించే పుస్తకాలు ఈ విషయాన్ని మరుస్తాయి.

రెండు రుచుల కలయికకు తెలుగులో చక్కని మాట 'పొత్తు'. ఒకే పళ్లెంలో కలిసి తినడం, స్నేహం, భాగస్వామ్యం అన్న అర్థాలన్నీ దానిలో ఉన్నాయి. ధర్మవరం మగ్గం ఈ భావాన్ని కంటికి చూపుతుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయినప్పుడు చీర మడత కదిలిన కొద్దీ మెరిసే వన్నె ఆ రెండింటిలో దేనిదీ కాదు. మంచి పొత్తు కూడా అటువంటిదే. పానీయంలోనూ భోజ్యంలోనూ విడిగా లేని మూడవ చవి వాటి కలయికలో పుడుతుంది. ఒకటి రెండవదాన్ని మింగివేస్తే అది పొత్తు కాదు.

6. ఋతువు చెప్పిన పానం

విజయనగర సాహిత్యంలో పానభోజనాల పొత్తును అత్యంత శ్రద్ధతో కూర్చిన రచన ఆముక్తమాల్యద. విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాన్ని కృష్ణదేవరాయలు మూడు ఋతువులకు మూడు పద్యాలుగా విభజించాడు. వానకాలంలో వరియన్నం, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. వేసవిలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, పల్చని అంబలి, చెరకురసం, లేతకొబ్బరినీళ్లు, పండ్లు, పరిమళించే చల్లని నీరు, ఊరవేసిన పిందెలు, నీరుమజ్జిగ. చలికాలంలో పునుగుతావి గల కొత్తబియ్యపు అన్నం, మిరియాలపొడి పట్టించిన వేడికూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు, వేడిపాయసం, నెయ్యి, పాలు.

ఈ పద్యాలను వంటకాల జాబితాగా చదివితే వాటి నిర్మాణం అందదు. వేసవి పద్యంలో సగానికి మించి పానీయాలే. అయినా ఆ పానీయాల నడుమ ఉప్పు పట్టిన పిందెలు తప్పనిసరిగా ఉన్నాయి. వరుస తీపి నీళ్లతో చప్పబడే నోటిని అవి మేల్కొలుపుతాయి. చలికాలపు పద్యంలో మిరియం, ఆవ ఘాటును పాయసం, నెయ్యి, పాలు మెత్తబరుస్తాయి. వానకాలంలో తడిసిన గాలికి విరుగుడుగా కరకరలాడే ఎండుపదార్థాలు ఉన్నాయి. ప్రతి పద్యంలోనూ ఒక గుణం, దానికి ఎదురుగుణం, వాటిని కలిపే జిడ్డో ద్రవమో ఉన్నాయి. విష్ణుచిత్తుని ఇల్లు భాగవతుని ఇల్లు కావడం చేత అక్కడ మద్యం లేదు. అయినా పొత్తు శాస్త్రమంతా ఉంది. పానరుచి విచారానికి మద్యమే అనివార్యం కాదని దీనివల్ల తేలుతుంది.

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరపు అంగళ్లలో ద్రాక్షపండ్లు అమ్మకానికి ఉండడాన్ని పేర్కొన్నాడు. ద్రాక్ష దక్కన్ నేలకు అప్పటికే పరిచితం. అనంతరకాలంలో పెనుకొండ నుండి పాలించిన తిరుమలదేవరాయలకు అంకితమైన వసుచరిత్రలో శ్లేషకు ప్రాధాన్యం హెచ్చింది. పద్యం ఒకేసారి రెండు అర్థాలను పలికే దశకు చేరిన ఆ సాహిత్యాన్ని నారికేళపాకమని వ్యవహరించడం రూఢి. రాజశేఖరుని పట్టిక ప్రకారం నారికేళం కఠినమైనది కాదు, ఆద్యంతాలూ రుచ్యమైనది. ఏ కొలమానంతో కొలుస్తున్నామో చెప్పకుండా పాకాన్ని నిర్ణయించడం వల్ల కలిగే అన్యాయానికి వసుచరిత్ర ఒక ఉదాహరణ.

7. పెనుకొండ సీమ పళ్లెం: ఒక పరీక్ష

పైన సేకరించిన పరిభాష ఆచరణలో నిలుస్తుందా అన్నది ఈ సీమ భోజనంతో పరీక్షించవచ్చు. వైన్‌లో ప్రధానంగా గుర్తించవలసినవి తీపి, పులుపు, వగరు, మద్యపు వేడి, తావి. ఎర్రవైన్‌లోని వగరు ద్రాక్ష తొక్క, గింజల నుండి వస్తుంది. ఈ గుణాన్ని చెప్పడానికి తెలుగువానికి పరాయి మాట అక్కరలేదు. నేరేడుపండు, పచ్చి అరటికాయ, లేత వక్క తిన్న ప్రతి నాలుకకూ వగరు తెలుసు. షడ్రుచుల్లో దానికి స్థానమిచ్చి, ఉగాది పచ్చడిలో ఏటేటా గుర్తుచేసే సంస్కృతి ఇది.

వగరు, కారం కలిస్తే రెండూ హెచ్చుతాయి. మద్యపు వేడి కారపు మంటను మరింత పెంచుతుంది. అందువల్ల గుంటూరు మిరపపొడి దట్టించిన నాటుకోడి పులుసుకు వగరు హెచ్చిన ఎర్రవైన్ పొత్తు కుదరదు. కొంత తీపి మిగిలి, మద్యపు పాలు తక్కువగా ఉండి, చల్లార్చిన తెల్లవైన్ ఆ మంటను తగ్గిస్తుంది. చింతపులుసు ముందు పులుపు తక్కువైన వైన్ చప్పగా తోస్తుంది. పులుపుకు సాటిగా నిలవాలంటే వైన్‌లోనూ పులుపు ఉండాలి. వేరుశనగ విత్తనాలు నూరిన ఊరిమిండిలోని నూనె, మాంసంలోని కొవ్వు, మాంసకృత్తులు వగరును మెత్తబరుస్తాయి. కారం తగ్గించి కాల్చిన వేటమాంసానికి షిరాజ్ నప్పడానికి కారణం అదే. ఓళిగ వంటి బెల్లపు పిండివంట ముందు దానికన్న తీపి తక్కువైన వైన్ పులిసినట్లు తోస్తుంది. రాగిసంగటికి తనదైన గట్టి రుచి లేదు. అది అన్నింటికీ వేదిక. నంజు ఏదో చూసి పానీయాన్ని ఎంచాలి గాని ముద్దను చూసి కాదు.

ఈ సూత్రాలు వైన్‌కు మాత్రమే చెందినవి కావు. ఈ సీమలో ఈతకల్లు తాగేవారికి ఇవి అనుభవపూర్వకంగా తెలుసు. తెల్లవారుజామున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. గాలిలోనూ కుండలోనూ ఉన్న సూక్ష్మజీవుల వల్ల పొద్దెక్కే కొద్దీ చక్కెర మద్యంగా మారి, సాయంత్రానికి పులుపు తిరుగుతుంది. ఒకే కుండ ఒకే రోజులో మూడు పానీయాలు. ఉదయపు తీపికీ సాయంత్రపు పులుపుకూ నంజు ఒకటే కాదు. తొలిచవి, తుదిచవి అన్న రాజశేఖరుని లెక్క ఒక గుక్కకు సంబంధించినదైతే, కల్లు దానిని ఒక రోజంతటికీ విస్తరించి చూపుతుంది. కావ్యంలో మధుపానమై గౌరవం పొందినది ఊరిలో కల్లు అయి చిన్నచూపుకు గురి కావడంలో రుచిభేదం కన్నా అంతరువుల భేదమే ఎక్కువ. ఆ చిన్నచూపు వల్ల కల్లుగీత వృత్తివారి రుచిజ్ఞానం విమర్శ దృష్టికి రాలేదు.

8. ఆక్షేపం – సమాధానం

ఇంతవరకు చేసిన చర్చకు బలమైన ఆక్షేపం ఒకటి ఉంది. తెలుగునాట మద్యం రుచుల ముచ్చట కాదు, ఇల్లు గుల్లచేసిన వ్యసనం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారాకు ఎదురుతిరిగారు. అక్షరాస్యతా కార్యక్రమంలో చదివిన 'సీతమ్మ కథ' వంటి పాఠం ఆ ఉద్యమానికి ప్రేరణ అయింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని అమలులోకి తెచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ఆనాడు హిందూపురం శాసనసభ్యుడు. 1997లో ఆ నిషేధం సడలింది. ఆధునిక కాలంలో మద్యాన్ని గురించి తెలుగు సమాజాన్ని కదిలించిన పాఠ్యం ప్రబంధం కాదు, వయోజనుల వాచకం. విమర్శ ఈ సత్యాన్ని దాటవేయరాదు.

ఈ ఆక్షేపానికి సమాధానం రుచిని గొప్పచేసి చెప్పడంలో లేదు. రుచిపరిభాష వ్యసనానికి మందు అనడం అతిశయోక్తి. పరిభాష తెలిసిన వ్యసనపరులు ఏ దేశంలోనైనా ఉన్నారు. కాని ఒక విషయం గమనించాలి. దూబగుంట స్త్రీలు ఎదిరించిన సారాకు ప్యాకెట్టు ఉంది, వేలంపాట ఉంది, మత్తు ఉంది. చవి మాత్రం లేదు. తొలిచవి, తుదిచవి అడగడానికి వీలులేని ద్రవం అది. గంధోత్తమ, ప్రసన్న పోయి మదిర మాత్రమే మిగిలిన భాషాపరిణామానికి ఆ సారా ప్యాకెట్టు భౌతికరూపం. అర్థశాస్త్రం రుచిని, మితిని ఒకేచోట చెప్పింది. అవదంశం లేని పానాన్ని కోశం ఊహించలేదు. నంజు అన్న మాటలోనే కొద్దిదనం ఉంది. కనుక రుచిని గురించిన మాట మితిని గురించిన మాటగా నిలిచినంత కాలం, అది ఆ స్త్రీల వేదనకు ఎదురుపక్షం కాదు. అమ్మకానికి అలంకారమైన నాడు మాత్రం తప్పక ఎదురుపక్షమే. ఈ గీతను గుర్తించడం విమర్శకుని బాధ్యత.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. రాజశేఖరుని పాకవిభజన తొలిచవి, తుదిచవుల ఆధారంగా జరిగింది. అందులో తుదిచవికే నిర్ణాయకత్వముంది. తెలుగు విమర్శ విద్యానాథుని బాహ్యాంతర విభజనను మాత్రమే అనుసరించడం వల్ల ఈ కాలదృష్టి మరుగున పడింది.

2. అమరకోశంలోని మద్యనామాలు పరీక్షాగుణాలను సూచిస్తాయి. అర్థశాస్త్రం ద్రాక్షాసవానికి దేశాన్నే లక్షణంగా చెప్పింది.

3. పెద్దన గంధవర్ణన, క్రీడాభిరామంలోని నంజులు, పోతన చల్ది, రాయల ఋతుభోజనం రుచివిశ్లేషణకు తెలుగులోనే ఉన్న నమూనాలు. చవి, తావి, వగరు, నంజు, పొత్తు అన్న మాటలు ఈనాటి రచనకు నేరుగా ఉపకరిస్తాయి.

4. పానభోజనాల పొత్తు దేశాన్ని, ఋతువును, నాలుక అలవాటును బట్టి మారుతుంది. పెనుకొండ సీమ పళ్లెానికి పారిస్ పట్టిక చాలదు.

5. పానరుచి విచారం మితి విచారం నుండి విడివడరాదు. కల్లుగీత కార్మికుల అనుభవజ్ఞానాన్నీ, సారా వ్యతిరేకోద్యమ సాహిత్యాన్నీ ఒకే చర్చలోకి తెచ్చినప్పుడే అది సమగ్రమవుతుంది.

పాకం, రసం, రుచి అన్న మాటలను తెలుగు విమర్శ వంటింటి నుండి తీసుకుని కావ్యానికి ఇచ్చింది. తీసుకున్నచోటికి వాటిని ఒకసారి తిరిగి చేర్చి చూస్తే వంటింటికి ఒక శాస్త్రం, విమర్శకు ఒక నాలుక దక్కుతాయి. హిందూపురం చింతపండు అంగడిలో నిలబడి చూసినవారికి తింత్రిణీపాకం ఆద్యంతాలూ మధ్యమమేనన్న రాజశేఖరుని మాట మీద సందేహం కలగడం సహజం. ఆ సందేహం నుండే ఈ సీమ తన తొమ్మిది గళ్ల పట్టికను తాను రాసుకోవడం మొదలుపెట్టవచ్చు.